బడి లేని బీఈడీ

గడివేముల బస్టాండు దగ్గర టీ కొట్టులో డిగ్రీ అయిపోయిన పిల్లవాడెవడైనా కనిపిస్తే పెద్దవాళ్లు పలకరిస్తారు. "ఏం చేస్తుండావప్పా?" "బీఈడీ చేస్తుండా మామా." తర్వాత ఏ కాలేజీ అనే మాట రాదు. "దినామూ పోవల్లనా, పరీక్షలకు పోతే చాలునా?" అని వస్తుంది. అడిగేవాడిలో ఎగతాళి ఏమీ ఉండదు. చేలో నీళ్లు కట్టే పని ఉంది, పిల్లవాడు ఇంటిపట్టున ఉంటాడో లేదో తెలుసుకోవాలి, అంతే.

ఇదే మాట ఎంబీబీఎస్ చదివే పిల్లను ఎవరూ అడగరు. నర్సింగ్ పిల్లనూ అడగరు, పాలిటెక్నిక్ కుర్రాణ్ణీ అడగరు. ఒక చదువుకు ఊళ్లో ఎంత విలువుందో తేల్చుకోవడానికి న్యాక్ గ్రేడులు తిరగెయ్యక్కర్లేదు, దాని గురించి జనం మొదట ఏం అడుగుతారో వింటే చాలు. దేశంలో విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌లో ఇంజనీరింగుకు, వైద్యానికి, ఫార్మసీకి, న్యాయవిద్యకు, ఆఖరికి ఆర్కిటెక్చర్‌కు కూడా విడిగా పట్టికలున్నాయి. ఉపాధ్యాయ విద్యకు లేదు. ఈ ఒక్క విషయంలో ఢిల్లీ, గడివేముల టీ కొట్టు ఒకే మాట మీద ఉన్నాయనుకోవాలి.

మా వైపు నుంచి టీచరయ్యే దారులు రెండు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈఎల్ఈడీ చేస్తే ఎస్జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతుల టీచరు. పాతవాళ్ల నోట అది ఇంకా 'టీటీసీ'యే. డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్. ఉమ్మడి కర్నూలు జిల్లాకు డీఈఎల్ఈడీ చెప్పే సర్కారు శిక్షణ సంస్థ, డైట్, కర్నూలు పక్కన బి.తాండ్రపాడులో ఉంది. కర్నూల్లో సర్కారు బీఈడీ కాలేజీ ఒకటుంది. నంద్యాల చుట్టుపక్కల ఉన్నవి దాదాపు అన్నీ ప్రైవేటువే. వాటికి సిలబస్ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ మీద ముద్ర వేసేది 2008లో కర్నూల్లో ఏర్పడ్డ రాయలసీమ విశ్వవిద్యాలయం. అంతకు ముందు ఆ పని అనంతపురం శ్రీకృష్ణదేవరాయ చూసుకునేది, ఇంకా ముందు తిరుపతి శ్రీవేంకటేశ్వర. ముద్ర మారింది గానీ పద్ధతి మారలేదు. పాఠం చెప్పే చోటు ఒకటి, ముద్ర వేసే చోటు ఇంకొకటి, పని నేర్చుకోవాల్సిన బడి మూడోది. మూడింటికీ మధ్య రాకపోకలు తక్కువ.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1964 నుంచి 66 దాకా పనిచేసిన కొఠారీ కమిషన్ సరిగ్గా ఈ మాటే చెప్పింది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయ జీవితానికి దూరంగా, బడులకు దూరంగా, ఆఖరికి ఒకదానికొకటి కూడా దూరంగా పడి ఉన్నాయని, ఆ మూడు ఎడబాట్లూ పోవాలని అంది. అరవై ఏళ్లు కావస్తోంది. ఆ తర్వాత 1980లలో చటోపాధ్యాయ కమిషన్, 2012లో జస్టిస్ వర్మ కమిషన్, 2020లో జాతీయ విద్యా విధానం వచ్చాయి. కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే రోగ నిర్ణయంలో పెద్ద తేడా కనపడదు, మందు పేరే మారుతూ వచ్చింది.

వెనక్కి పోతే కథ కొంచెం వేరుగా ఉంటుంది. 1856లో మద్రాసులో మొదలైన నార్మల్ స్కూలే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910లో ఎల్.టి., అంటే అప్పటి టీచరు శిక్షణ, చేసింది అక్కడే. ఏటా సెప్టెంబరు 5న దండ పడే ఆ ఫొటోలోని ఆయన కూడా ఒకప్పుడు ట్రైనింగు అభ్యర్థే అన్నది మన బీఈడీ పిల్లలకు ఎవరూ చెప్పరు. రాజమండ్రిలోనూ పాత ట్రైనింగు కాలేజీ ఉండేది, ఇప్పుడది ఉన్నత విద్యాధ్యయన సంస్థ (ఐఏఎస్ఈ). అయితే తెలుగు నాట ఉపాధ్యాయ విద్య గురించి జరిగిన అసలైన చర్చ ఏ ట్రైనింగు కాలేజీలోనూ మొదలవలేదు. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తాకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, బజారులో వినపడే తెలుగుకూ బడి పుస్తకంలో ఉన్న తెలుగుకూ ఇంత దూరం ఎందుకుందని అడిగాడు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడి గిడుగు రామమూర్తి, విజయనగరం గురజాడ ఆ ప్రశ్న చుట్టూ చేరారు. తర్వాత అది వ్యావహారిక భాషోద్యమమై సాహిత్య చరిత్రలోకి పోయింది. పుట్టుకలో మాత్రం అది బోధనా పద్ధతి గొడవ, పిల్లవాడికి వచ్చిన భాషలో పాఠం చెప్పాలా వద్దా అనే గొడవ. ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ప్రిన్సిపాలు, ఒక బడిపంతులు కూర్చుని తరగతి గది ఇబ్బంది గురించి వాదించుకుంటే భాష నడకే మారింది. విద్యాశాఖలు, యూనివర్సిటీ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్లు ఇన్ని వచ్చాక అంత బలమైన ప్రశ్న ఇంకోటి వాటిలోంచి పుట్టినట్టు నాకు గుర్తు లేదు.

దానికి దగ్గరగా వచ్చింది 1984లో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు. టీచర్లు తమ తమ మండలాల్లో కలుసుకుని పాఠం ఎలా చెప్పామో ఒకరికొకరు చెప్పుకోవడం, చేయించడం ద్వారా నేర్పడం, గోడలకు పిల్లల బొమ్మలు తగిలించడం మామూలయ్యాయి. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో కర్నూలు కూడా ఉంది. అప్పటి ఉపాధ్యాయ కేంద్రాల సమావేశాలను 'చాయ్ బిస్కెట్ మీటింగులు' అని ఎగతాళి చేసినవాళ్లే ఇప్పుడు రిటైరై, "అప్పుడే మేలప్పా, కనీసం ఇంకొకరి పాఠం చూసేవాళ్లం" అంటున్నారు. విశ్వవిద్యాలయాలకు ఈ వ్యవహారంతో సంబంధం లేదు. అది విద్యాశాఖ పని, వాళ్లది పరీక్షల పని.

2000 తర్వాత సంగతి తెలిసిందే. 1993 చట్టంతో ఏర్పడ్డ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపులు ఇచ్చుకుంటూ పోయింది. షెడ్డు, ఫర్నిచరు, లైబ్రరీ అని చెప్పుకోను రెండు బీరువాలు ఉంటే కాలేజీ అయిపోయిన రోజులవి. ఇంజనీరింగుకు ల్యాబులు కావాలి, నర్సింగుకు ఆస్పత్రి కావాలి, బీఈడీకి మాత్రం సుద్దముక్క చాలుననుకున్నారు. ఒడిశా, బెంగాల్, తమిళనాడు నుంచి కూడా వచ్చి మన దగ్గర చేరేవాళ్లు. అడ్మిషన్ నాడు ఒకసారి, పరీక్షలకు ఇంకోసారి కనిపించేవాళ్లు. నంద్యాల లాడ్జీల వాళ్లకు బీఈడీ పరీక్షల తేదీలు విద్యార్థుల కంటే ముందే తెలిసేవన్న మాట మా వైపు ఉంది. అతిశయోక్తే కావచ్చు, కానీ అలాంటి మాట ఊరికే పుట్టదు. మహారాష్ట్ర డీఎడ్ కాలేజీల గుర్తింపు వివాదంలో సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ దేశమంతటి పరిస్థితీ చూసి 2012లో నివేదిక ఇచ్చింది. విడిగా నడిచే శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం పాఠం చెప్పే ప్రయత్నమే చెయ్యడం లేదని, పట్టాలను వెల కట్టి అమ్ముకుంటున్నాయని ఆ నివేదికను ఆధారం చేసుకుని 2020 విద్యా విధానమే రాసుకుంది. ప్రభుత్వ విధాన పత్రంలో ఇంత కటువైన మాట అరుదు.

వర్మ కమిషన్ దెబ్బతో 2014 నిబంధనలు వచ్చాయి. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. నిబంధనలు చదివితే ముచ్చటేస్తుంది. ఏటా వందమందిని చేర్చుకునే కాలేజీకి పదహారుమంది పూర్తికాలపు అధ్యాపకులుండాలి. ఏడాదికి 200 పని దినాలు. క్లాసులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు. మొత్తం ఇరవై వారాలు బడుల్లో గడపాలి, అందులో రెండో ఏడాదే పదహారు. ఇవన్నీ నిజంగా జరిగే కాలేజీలు లేవని అనను. జీతం సరిగా రాకపోయినా బస్సెక్కి పోయి, పల్లె బడిలో వెనక బెంచీ మీద కూర్చుని, ట్రైనీ పాఠం పూర్తిగా విని, తప్పు ఎక్కడ జరిగిందో విడమరిచి చెప్పే లెక్చరర్లను నేను చూశాను. అలాంటి వాళ్లు ఏ కాలేజీలో ఉన్నారో బయట ఎవరికీ తెలియకపోవడమే బాధ. అన్ని కాలేజీల ముద్రా ఒకటే, అన్ని కాలేజీల మీదా పడే మాటా ఒకటే. శ్రద్ధగా నడిపేవాడికి దాంతో వచ్చే లాభం ఏమీ లేదు.

రికార్డుల సంగతి ఒకటి చెప్పాలి. బీఈడీలో చేరిన పిల్లకు మొదట పరిచయమయ్యేది మైక్రో టీచింగ్. 1960లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి ఇది, మన దేశపు కొలతలు వేరుగా ఉన్నాయి. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు విమర్శ, పన్నెండు నిమిషాలు పాఠం తిరిగి రాసుకోవడం, మళ్లీ ఆరు పాఠం, మళ్లీ ఆరు విమర్శ. మొత్తం ముప్పయ్యారు. ఒకసారికి ఒకే నైపుణ్యం. ప్రశ్న అడగడం ఒకటి, ఉదాహరణ చెప్పడం ఒకటి, నల్లబల్ల వాడడం ఒకటి. పిల్లలుండరు, తోటి ట్రైనీలే పిల్లలుగా నటిస్తారు. ఆలోచన మంచిదే. ఈతగాడికి ముందు చేతుల ఊపు నేర్పి, తర్వాత కాళ్ల ఊపు నేర్పినట్టు. ఎటొచ్చీ చాలాచోట్ల ఈత గట్టు మీదే అయిపోతుంది. ముప్పయ్యారు నిమిషాల చక్రం జరిగినట్టు రికార్డు ఉంటుంది. ఆ రికార్డు తయారుగా రాసి అమ్మే షాపులు కూడా ఉన్నాయి. పక్కన పాఠ్య పథకాల రికార్డు, పరిశీలన రికార్డు, సైకాలజీ రికార్డు, కేస్ స్టడీ, క్రియాత్మక పరిశోధన. ఒక్కో ట్రైనీ సంచిలో నాలుగైదు కిలోల అట్టలుంటాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు ఆ అట్టల రంగు, చేతిరాత, అంచు గీతలు చూస్తారు. సంతకం పడుతుంది.

ఇంత చేసి పట్టా తెచ్చుకున్నాక ఉద్యోగానికి అది ఎంత పనికొస్తుంది? ఇక్కడే అసలు మెలిక ఉంది. సర్కారు టీచర్లను తీసుకునే 2025 మెగా డీఎస్సీలో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్ అనే అర్హత పరీక్షకు 20 శాతం వెయిటేజీ. బీఈడీలో వచ్చిన మార్కులకు సున్నా. బోధన ప్రదర్శనకు సున్నా, అసలు అలాంటిదే లేదు. నలభై ఏళ్ల పాటు పిల్లల ముందు నిలబడబోయే మనిషి ఒక్క పాఠం ఎలా చెబుతాడో ఎవరూ చూడకుండానే నియామకపత్రం చేతికొస్తుంది. లారీ లైసెన్సుకైనా బండి నడిపి చూపించాలి. కాబట్టి కాలేజీకి పోవల్లనా అని అడిగిన టీ కొట్టు పెద్దాయన లెక్క తప్పు కాదు. పోతే ఒక్క మార్కు కూడా పెరగదు.

అందుకే ఉపాధ్యాయ విద్యలో పేరు కాలేజీలకు కాదు, కోచింగ్ ఊళ్లకు వచ్చింది. డీఎస్సీ అంటే కృష్ణా జిల్లా అవనిగడ్డ. నోటిఫికేషన్ పడితే రాయలసీమ నుంచి కూడా పెట్టె సర్దుకుని అక్కడికి పోయి నెలలు నెలలు హాస్టళ్లలో ఉంటారు. మన నంద్యాలకు బ్యాంకు కోచింగులో రాష్ట్రమంతా పేరుంది, ఆ పక్కనే డీఎస్సీ బ్యాచులూ నడుస్తాయి. 2018 తర్వాత డీఎస్సీ లేక ఏడేళ్లు ఎదురుచూశారు. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు అందులో ఒక్క ఉమ్మడి కర్నూలు జిల్లావే 2,645, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ. ఖాళీలు ఎక్కువ ఉండడం గొప్పేం కాదు గానీ అభ్యర్థులకు అది పండగే. సెప్టెంబరులో జాబితాలు వచ్చాక నంద్యాల్లో ఫ్లెక్సీలు కట్టారు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసలు వరసలుగా, కింద ర్యాంకులు. నాకు కనిపించిన ప్రతి ఫ్లెక్సీ కోచింగ్ సెంటర్‌దే. ఒక్క బీఈడీ కాలేజీ కూడా ఈ పిల్ల మా దగ్గర చదివిందని చెప్పుకోలేదు. చెప్పుకోవచ్చన్న ఆలోచనే వాళ్లకు వచ్చినట్టు లేదు.

ఎదురుచూపు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 1998 డీఎస్సీలో అర్హత సాధించి, కోర్టుల చుట్టూ తిరిగిన వాళ్లకు ఈ రాష్ట్రంలో 2023 ప్రాంతంలో మినిమమ్ టైమ్ స్కేలు మీద ఉద్యోగాలిచ్చారు. ఇరవైల చివర్లో ఉన్నవాళ్లు యాభై దాటి బడిలో అడుగుపెట్టారు. శిక్షణలో నేర్చుకున్నది పాతికేళ్ల పాటు ఏ తరగతి గదీ చూడకుండా ఉంటే ఏమవుతుందో ఏ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటైనా పరిశోధన చెయ్యాల్సిన విషయం. పీహెచ్‌డీలు మాత్రం 'ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి' మీద, ఐదు పాయింట్ల ప్రశ్నావళితో, ఏ ఊళ్లో చేసినా ఒకే ఫలితంతో వస్తూనే ఉన్నాయి.

ఈ మధ్యలో కోర్టు తీర్పులు దారి మార్చాయి. బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతులకు కూడా అర్హులేనని 2018లో ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌ను 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ కావాలి అన్నది సారాంశం. నాకు ఆ తీర్పు సబబే అనిపించింది, ఆరేళ్ల పిల్లకు అక్షరం నేర్పడం పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పడం కన్నా కష్టం. కానీ ఎస్జీటీ ఆశతో బీఈడీ చేసిన వేలమందికి అది పిడుగుపాటు. 2025 సెప్టెంబరు 1న ఇంకో తీర్పు వచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి ఉన్న పాత టీచర్లు కూడా టెట్ పాసవ్వాల్సిందే అని. యాభై ఏళ్ల సార్లు ఇప్పుడు కూతురి గైడు పుస్తకం అరువు తెచ్చుకుని పిల్లల మనోవికాసం మీద పియాజే చెప్పిన దశలు బట్టీ పడుతున్నారు. మళ్లీ లాభం కోచింగ్ వాళ్లదే.

మా జిల్లాలోనే ఇంకో రెండు రకాల చదువులు చూడండి. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. ఆస్పత్రి లేకుండా వైద్య కళాశాలకు అనుమతి రాదు, పడకలు లెక్కపెట్టే సీట్లు ఇస్తారు. ప్రొఫెసరే రోగిని చూస్తాడు, విద్యార్థి పక్కన నిలబడి చూస్తాడు. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. దానికి పొలం ఉంది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది, అక్కడి శాస్త్రవేత్త మడిలో దిగకుండా వంగడం బయటికి రాదు. ఇక బీఈడీ కాలేజీకి? సొంత బడి ఉండదు. పాఠం చెప్పే లెక్చరరు ఎంఈడీ చేసి నేరుగా వచ్చినవాడైతే, హైస్కూల్లో ఒక్క ఏడాది కూడా పనిచేసి ఉండకపోవచ్చు. ఇంటర్న్‌షిప్‌కు పిల్లలను తీసుకునే బడికి కాలేజీతో కాగితం సంబంధమే. ఆ బడి హెడ్మాస్టరు దృష్టిలో ట్రైనీలంటే సెలవు పెట్టిన టీచర్ల క్లాసులు సర్దడానికి దొరికిన మనుషులు. మధ్యాహ్న భోజనం లైను చూడడానికి, ఆన్‌లైన్ హాజరు ఎక్కించడానికి కూడా పనికొస్తారు. ఆయన తప్పూ కాదది. వాళ్లకు నేర్పమని ఆయనకెవరూ జీతం ఇవ్వలేదు, నేర్పే పద్ధతి చెప్పలేదు.

బయట పేరున్న చోట్లన్నిటికీ సొంత బడి ఉండడమనే ఈ ఒక్క విషయంలో పోలిక ఉంది. జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం చెబుతూ ముందు పెట్టుకున్నది ప్రయోగశాల లాంటి ఒక బడి. ఫిన్లండ్‌లో 1970ల చివర నుంచి స్కూలు టీచరుకు మాస్టర్స్ డిగ్రీ కావాలి, ఆ విశ్వవిద్యాలయాలకు సొంత శిక్షణ బడులున్నాయి. అక్కడి టీచర్లే ట్రైనీలకు గురువులు. ఇంత దూరం పోనక్కర్లేదు. 1963 నుంచి మైసూరులో ఉన్న ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యా సంస్థ మన దక్షిణాది మొత్తానికి. నాలుగేళ్ల బీఎస్సీ ఎడ్, బీఏ ఎడ్ అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. క్యాంపస్‌లోనే డెమాన్‌స్ట్రేషన్ స్కూలు ఉంది. మా తరంలో అక్కడ చదివొచ్చిన టీచరును స్టాఫ్ రూములో ఇట్టే గుర్తుపట్టేవాళ్లం, సైన్సు పాఠానికి సంచిలో ఏదో ఒక సామాను ఉండేది.

రాయలసీమ నేల మీద నుంచే లోకానికి తెలిసిన శిక్షణ పద్ధతి ఒకటి వచ్చింది. అది విశ్వవిద్యాలయం నుంచి కాదు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం నుంచి. వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ ఒక చిక్కుకు విరుగుడు వెతికారు. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే టీచరు, ఎవరి వేగం వారిది. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. కార్డుల మీద గుర్తులు, గోడ మీద నిచ్చెన. పిల్ల తానెక్కడ ఆగిందో నిచ్చెన చూసి తర్వాతి కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. ఇందులో చుట్టుపక్కల ఊళ్ల యువతీ యువకులే టీచర్లు. వాళ్లకిచ్చిన శిక్షణ ఉపన్యాసం కాదు. నడుస్తున్న బడిలో కూర్చోబెట్టి, చేత్తో కార్డులు చేయించి నేర్పారు. 2003లో చెన్నై కార్పొరేషన్ టీచర్లు వచ్చి చూసి పోయారు. 2007 కల్లా తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ ఆ తరహా పద్ధతి పాకింది. దాని లోటుపాట్ల మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, అది వేరే కథ. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న మా బీఈడీ, డీఈఎల్ఈడీ పిల్లలకు దాని గురించి తెలిసేది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే.

మా జిల్లాల బడికి ఏం కావాలో అడిగితే సిలబస్ వేరేగా ఉండేది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత అరవై శాతం దగ్గర ఆగింది. పడమటి వైపు కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతాల్లో పంటలైపోగానే కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. మూడు నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చిన ఐదో తరగతి పిల్లను ఎక్కడి నుంచి అందుకోవాలి? నల్లమల చెంచు గూడెంలో పిల్ల ఇంట్లో మాట్లాడే మాటకూ, తండాలో సుగాలీ పిల్ల మాటకూ, నంద్యాల ఉర్దూ మీడియం పిల్ల మాటకూ పాఠం ఎలా అతకాలి? బీఈడీ పేపర్లలో సహిత విద్య ఉంది, మాతృభాష ప్రాముఖ్యం ఉంది, సమాజంలో బడి పాత్ర ఉంది. సుగ్గి లేదు. పశ్చిమ కర్నూలులో రేపు ఉద్యోగం చెయ్యబోయే పిల్లకు సుగ్గి తెలియకుండా పట్టా ఇవ్వడం, కుక్క కాటుకు మందు చెప్పకుండా పల్లెకు డాక్టరును పంపినట్టే.

ఇప్పుడు కొత్త మందు నాలుగేళ్ల ఐటెప్. ఇంటర్ తర్వాత జాతీయ స్థాయి పరీక్ష రాసి, మామూలు డిగ్రీ, బీఈడీ కలిపి చదవడం. 2023లో మొదలైంది. వరంగల్ నిట్ లాంటి చోట కూడా పెట్టారు. 2030 కల్లా టీచరుకు కనీస అర్హత ఇదే కావాలని, విడి బీఈడీ కాలేజీలు బహుళ విభాగాల సంస్థల్లో కలవాలని విద్యా విధానం ఆశ. లెక్క ప్రకారం గడివేముల పిల్లకు ఒక ఏడాది మిగులుతుంది, డిగ్రీ మూడు, బీఈడీ రెండు కలిపి ఐదు కాకుండా నాలుగే. పదిహేడేళ్లకే నేను టీచరునవుతానని తేల్చుకుని వచ్చేవాళ్లు చేరితే కాలేజీ గాలే మారుతుంది. ఏం దొరక్క బీఈడీకి వచ్చామని ఇప్పుడు సగంమంది మొహం మీదే రాసి ఉంటుంది. ఆడపిల్ల తండ్రి లెక్క ఇంకోటి. పెళ్లిలోపు ఒక పట్టా, సంబంధానికి మంచిది, రాకపోతే ఊళ్లో ప్రైవేటు బడిలో పది పన్నెండు వేలకైనా చెప్పుకోవచ్చు. హాస్టల్లో నాలుగేళ్లు అంటే ఆ తండ్రి ఆలోచిస్తాడు. దగ్గర్లో సీట్లు రానిదే ఈ పథకం ఊరిదాకా రాదు. ఈలోగా 2025 మొదట్లో వచ్చిన ఎన్‌సీటీఈ ముసాయిదాలో ఏడాది బీఈడీ మళ్లీ తలెత్తింది, నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ చేసినవాళ్లకు. ఏడాది రెండేళ్లయింది, ఇప్పుడు మళ్లీ ఏడాది. సంవత్సరాలు అటూ ఇటూ జరపడం సులువు. నా మట్టుకు నాకు కోర్సు ఎన్నేళ్లన్నది రెండో ప్రశ్న. సొంత బడి ఉందా, ఆ బడిలో ప్రొఫెసరు వారానికి రెండు పాఠాలు పిల్లలకు చెబుతాడా అన్నది మొదటి ప్రశ్న. రాయలసీమ విశ్వవిద్యాలయం పక్కన ఒక సర్కారు హైస్కూలును దత్తు తీసుకోవడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదనుకుంటా.

కిందటేడు వేరే పని మీద మండలంలో ఒక హైస్కూలుకు పోయాను. లెక్కల సారు ఏదో సమావేశానికి పోయినాడని, ఏడో తరగతికి బీఈడీ ట్రైనీ చెబుతోందని హెడ్మాస్టరు చెప్పి, వెనక కూర్చోమన్నాడు. భిన్నాల కూడిక. చార్టు మీద దోసె ఆకారంలో రంగు కాగితాలు అంటించి తెచ్చింది. సగం, మూడో వంతు కలిపితే ఎంత? పిల్లలు ఏకకంఠంతో "టూ బై ఫైవ్". పైదానికి పైది, కిందిదానికి కిందిది కలిపేశారు. పిల్ల చార్టు వైపు చూసింది, పథకం కాగితం వైపు చూసింది. కాగితంలో ఈ జవాబు లేదు. కసాగు పద్ధతి బోర్డు మీద మళ్లీ చేసి చూపింది. మళ్లీ టూ బై ఫైవ్.

వెనక నుంచి ఒక ఆడపిల్ల లేచింది. "మేడమ్, ఎకరాలో టూ బై ఫైవ్ అంటే ఎన్ని సెంట్లు?" ట్రైనీ లెక్కేసి నలభై అంది. "మరి అరెకరా అంటే యాభై గదా. అరెకరా ఉన్నోళ్లు ఇంకింత కొనుక్కుంటే నలభై సెంట్లకు తగ్గుతాదా?" తరగతంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. తర్వాత ఒకటే నవ్వులు. ట్రైనీ కూడా నవ్వింది. చార్టు చుట్టి పక్కన పెట్టి, వంద సెంట్లను బోర్డు మీద మడిలా గీసింది. యాభై ఒక పక్క, ముప్పయిమూడు చిల్లర ఇంకో పక్క. మిగిలింది పదిహేడు లోపు. అది ఎకరాలో ఎన్నో వంతని అడిగింది. ఈసారి జవాబులు ఒక్కొక్కటిగా, ఆలోచించుకుని వచ్చాయి. గంట కొట్టినా ఇద్దరు కదల్లేదు.

బయటికొచ్చాక రికార్డు తీసి నాకు చూపించి, "ఇది ఎక్కడ రాయాల సార్?" అని అడిగింది. ఉద్దేశ్యాలు, స్పష్టీకరణలు, బోధనోపకరణాలు, ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, మూల్యాంకనం. గడులన్నీ ముందురోజు రాత్రే నిండిపోయి ఉన్నాయి. దోసె చార్టు గురించి రెండు వరసలు. మూల్యాంకనం కింద ఒక వేలెడు చోటు మిగిలింది. సరిపోక, కాగితం తిప్పి వెనకపక్క పెన్సిలుతో రాసుకుంది.